కన్నతల్లి సేవకు వేతనమా?

నేను వృత్తి నుంచి విరమించుకొని కొన్ని సంవత్సరాలయింది. అయినా నాటి ఒక సాయంకాలం ఇప్పటికీ నా మనసును వదలదు. కాలిఫోర్నియా మధ్యలోయలోని ఒక పట్టణంలో అంతర్వ్యాధుల వైద్యునిగా పనిచేస్తున్న రోజులవి. ఆ దినం చివరగా చూసినది పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయనను. తెలుగువారే. ఆయనను చక్రాల కుర్చీలో తీసుకువచ్చిన కుమార్తె, వెళ్ళబోతూ చేతిసంచిలోంచి ఒక పత్రం తీసి నా బల్లపై పెట్టింది.

“డాక్టరు గారూ, ఇది మీరు నింపి ఇస్తే, నాన్నగారిని ఇంట్లో చూసుకుంటున్నందుకు నాకు కొంత వేతనం ఇస్తారట. నేను పనికి వెళ్ళకుండా ఆయన దగ్గరే ఉండవచ్చు” అని చెప్పింది.

నేను ఆ పత్రంలో వ్యాధి పేరు వ్రాశాను. ‘కొంత సహాయం అవసరం’ అని ఒక వాక్యం జోడించాను. సంతకం చేసి ఇస్తూ, “మన వాళ్ళలో కన్నవారికి చేసే సేవకు జీతం అడుగుతామా అమ్మా?” అని నవ్వాను. ఆ అమ్మాయి నవ్వలేదు. తల వంచుకొని పత్రం తీసుకొని వెళ్ళిపోయింది. కొన్ని నెలలకు ఆ పెద్దాయన ఒక నర్సింగ్ హోములో చేరారని, ఆమె మళ్ళీ రాత్రిపూట గిడ్డంగి పనికి వెళుతోందని తెలిసింది. నా ఒక్క వాక్యం వలననే అలా జరిగిందని చెప్పలేను. దానికి సంబంధం లేదని కూడా చెప్పలేను.

ఆ తరువాత చాలా ఏళ్ళకు అదే పత్రం మా ఇంటికే వచ్చింది. అప్పుడు గాని దాని విలువ నాకు బోధపడలేదు. ఆ విషయమే ఈ వ్యాసంలో వ్రాస్తున్నాను.

ఈ సహాయం ఎలా పుట్టింది?

అమెరికాలో 65 సంవత్సరాలు నిండిన వారికి ఉండే మెడికేర్ అన్నిటికీ సరిపోతుందని చాలామంది భావిస్తారు. అది ఆసుపత్రి ఖర్చులను, వైద్యుల ఖర్చులను భరిస్తుంది. ఆసుపత్రి నుంచి వచ్చాక పరిమిత కాలం పాటు నర్సుల సేవలనూ, వ్యాయామ చికిత్సనూ అందిస్తుంది. కాని స్నానం చేయించడం, బట్టలు తొడగడం, అన్నం తినిపించడం, మరుగుదొడ్డికి తీసుకువెళ్ళడం వంటి దీర్ఘకాలిక సంరక్షణకు మెడికేర్ డబ్బు చెల్లించదు. ఆ భారం వహించేది అల్పాదాయవర్గాల వారికి కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు కలసి నడిపే మెడికెయిడ్. ఈ రెండు పథకాలూ 1965లో చట్టరూపం దాల్చాయి. మెడికెయిడ్‌ను కాలిఫోర్నియాలో మెడి-కాల్ అంటారు.

తొలిదశలో మెడికెయిడ్ రోగి నర్సింగ్ హోములో ఉంటే డబ్బు చెల్లించేది గాని, ఇంట్లో ఉంటే చాలా స్వల్పంగా సహాయపడేది. ఈ వైపరీత్యాన్ని దేశం దృష్టికి తెచ్చినది అయోవా రాష్ట్రానికి చెందిన కేటీ బెకెట్ అనే చిన్నారి. పసితనంలో మెదడు వాపు వ్యాధి సోకి, శ్వాసయంత్రంపై ఆధారపడిన పాప ఆమె. ఆసుపత్రిలో ఉన్నంతకాలం ప్రభుత్వం ఖర్చు భరించింది. ఇంటికి తీసుకువెళితే తల్లిదండ్రుల ఆదాయం లెక్కలోకి వచ్చి సహాయం ఆగిపోయే పరిస్థితి. ఇంటిలో ఖర్చు తక్కువే అయినా నియమం అడ్డువచ్చింది. 1981లో అధ్యక్షుడు రొనాల్డ్ రేగన్ ఆమె విషయాన్ని పత్రికల వారి ముందు ప్రస్తావించారు. ఆమె ఇంటికి వెళ్ళడానికి ప్రత్యేక అనుమతి లభించింది. నర్సింగ్ హోముకు బదులు ఇంటిలోనే సంరక్షణ అందించడానికి రాష్ట్రాలకు మినహాయింపులు ఇచ్చే చట్టం కూడా ఆ సంవత్సరమే వచ్చింది.

ఆ పిదప 1998 నుంచి ఆర్కన్సా, న్యూజెర్సీ, ఫ్లోరిడా రాష్ట్రాలలో ‘కేష్ అండ్ కౌన్సెలింగ్’ అనే ప్రయోగం జరిగింది. సంరక్షణకు కేటాయించిన సొమ్మును ఒక సంస్థకు ఇవ్వక, తమకు నచ్చిన వారిని నియమించుకొనే అధికారాన్ని రోగులకే ఇచ్చారు. చాలామంది తమ బంధువులనే నియమించుకున్నారు. బంధువులు చూస్తే సంరక్షణ నాణ్యత తగ్గుతుందేమోనన్న భయం నిజం కాలేదు. రోగులు ఎక్కువ సంతృప్తిగా ఉన్నారు. తీరని అవసరాలు తగ్గాయి. నేడు పలు రాష్ట్రాలలో ఉన్న కుటుంబ సంరక్షకుల వేతనాలకు ఇవే మూలాలు.

అయితే నియమాలు ఒక్కొక్క రాష్ట్రంలో ఒక్కొక్క విధంగా ఉంటాయి. పెరిగిన పిల్లలు తల్లిదండ్రులను చూసుకుంటే చాలా రాష్ట్రాలు వేతనం ఇస్తాయి. భార్యాభర్తల విషయంలో కొన్ని అంగీకరించవు. న్యూయార్క్ పథకంలో జీవిత భాగస్వామికి అవకాశం లేదు, కాలిఫోర్నియాలో ఉంది. జార్జియా, ఇండియానా వంటి రాష్ట్రాలలో రోగితో కలసి నివసించే కుటుంబసభ్యునికి, ఒక సంస్థ పర్యవేక్షణలో, రోజుకు ఇంత అని భృతి చెల్లించే పద్ధతి ఉంది. సైన్యంలో పనిచేసి తీవ్రంగా దెబ్బతిన్న వారి సంరక్షకుల కోసం 2010 చట్టంతో వేరే పథకం ఏర్పడింది. కాలిఫోర్నియాలో 1970ల నుంచి ఉన్న గృహసహాయ పథకాన్ని క్లుప్తంగా ఐ.హెచ్.ఎస్.ఎస్. అంటారు. ఆ పథకంలో వేతనం పొందే సంరక్షకులలో అధికభాగం కుటుంబసభ్యులే.

మా అక్కయ్య

మా అక్కయ్య గుంటూరు జిల్లాలో పుట్టి, అక్కడే కాపురం చేసి, బావగారు పోయిన తరువాత కూతురి వద్దకు వచ్చింది. ఇక్కడి పౌరసత్వం కూడా తీసుకుంది. 78వ ఏట ఆమెకు మెదడు కుడిభాగంలో రక్తనాళం మూసుకుపోయి ఎడమ కాలు, ఎడమ చేయి పడిపోయాయి. మా మేనకోడలు మందుల దుకాణంలో సహాయకురాలిగా పనిచేసేది. తనకున్న సెలవు దినాలు నెలలోపే ఖర్చయిపోయాయి. ఆపై వేతనం లేని 12 వారాల సెలవు కూడా పూర్తయింది. చివరకు ఉద్యోగం మానుకుంది.

ఒంటిచేతితో ఒక మనిషిని మంచం మీద నుంచి లేపడం, కుర్చీలో కూర్చోబెట్టడం, స్నానం చేయించడం, శయ్యావ్రణాలు పడకుండా రాత్రిళ్ళు పక్కకు తిప్పడం ఎంత శ్రమో చేసిన వారికే తెలుస్తుంది. ఆరు నెలలకు మా మేనకోడలికి నడుము నొప్పి పట్టుకుంది. నిద్ర కరవయింది. ఒక దినం ఫోనులో, “మావయ్యా, నాకు అమ్మ మీద కోపం వస్తోంది. ఆ కోపం చూస్తే నాకే భయం వేస్తోంది” అంది. సంరక్షకుల బడలికకు ఇంతకంటె స్పష్టమైన లక్షణం నాకు ఏ వైద్యగ్రంథంలోనూ కనిపించలేదు.

నేను గృహసహాయ పథకం సంగతి చెప్పాను. మా మేనల్లుడు టెక్సస్‌లో ఉంటాడు. అతను ఒప్పుకోలేదు. “అమ్మకు చేసినందుకు డబ్బు పుచ్చుకోవడమేమిటి మావయ్యా? మనవాళ్ళకు తెలిస్తే ఏమనుకుంటారు?” అన్నాడు. ఒకనాడు నేనన్న మాటే అతని నోట విన్నాను. జవాబు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

మా మేనకోడలే చెప్పింది. “అన్నయ్యా, నేను అడుగుతున్నది ప్రేమకు ధర కాదు. నేను వదులుకున్న జీతంలో కొంత. ఇంటి అద్దె ప్రేమతో కట్టలేను కదా.” ఆపై అతను ఏమీ అనలేదు.

గర్వం, మరపు, ఒక వైద్యుని అజాగ్రత్త

దరఖాస్తు చేశాక కౌంటీ నుంచి ఒక సోషల్ వర్కర్ ఇంటికి వచ్చింది. అక్కయ్య ఆ పూట ఇస్త్రీ చీర కట్టించుకొని, జడ వేయించుకొని, అతిథి వచ్చినట్టు కూర్చుంది. “స్నానం మీరే చేయగలరా?” అని అడిగితే “చేసుకుంటానమ్మా” అంది. “వంట?” అంటే “నా వంట నేనే చేసుకుంటాను” అంది. మేనకోడలు అనువాదం చేస్తూ, తల్లి మాట కాదనలేక ఊరుకుంది. మంజూరు చేసిన సహాయం నెలకు 58 గంటలు. రోజుకు రెండు గంటలైనా లేదు.

అక్కయ్య అబద్ధం చెప్పలేదు. ఇందులో వైద్యవిషయం ఒకటి ఉంది. మెదడు కుడిభాగంలో పక్షవాతం వచ్చిన వారిలో కొందరికి తమ ఎడమ చేయి పనిచేయడం లేదన్న ఎరుక ఉండదు. చేయి ఎత్తమంటే ఎత్తకుండానే ఎత్తానంటారు. వైకల్యాన్ని మెదడు గ్రహించకపోవడమే దీనికి కారణం. ఆపై రక్తనాళాల వ్యాధి వలన కలిగే మతిమరపు కూడా అక్కయ్యలో మొదలయింది. అటువంటి రోగి తన గురించి తాను చెప్పే మాటలను బట్టి గంటలు నిర్ణయిస్తే తప్పు జరుగుతుంది. వైద్యుడినై ఉండి, ఆ సోషల్ వర్కర్‌కు ఈ సంగతి ముందుగా వ్రాతపూర్వకంగా తెలియజేయాలని నాకు తట్టలేదు.

నిర్ణయపత్రం వెనుక ఒక హక్కు ముద్రించి ఉంటుంది. కౌంటీ నిర్ణయంతో ఏకీభవించని వారు 90 దినాలలోగా రాష్ట్రస్థాయి విచారణ కోరవచ్చు. మేము కోరాము. ఆ వ్యవధిలో మూడు పనులు చేశాము.

మొదటిది, మా మేనకోడలు రెండు వారాల పాటు ఒక పుస్తకంలో ప్రతి పనినీ గడియారం చూసి వ్రాసింది. ఉదయం మంచం మీద నుంచి కుర్చీలోకి 12 నిమిషాలు. స్నానం 40 నిమిషాలు. భోజనం 35 నిమిషాలు. రాత్రి పక్క తడిసిన సందర్భాలు, దుప్పట్లు మార్చిన సమయాలు అన్నీ అందులో ఉన్నాయి.

రెండవది, ప్రమాద సంఘటనలను తేదీలతో వ్రాసిపెట్టాము. తెల్లవారుజామున లేచి నడవగలననుకొని మంచం మీద నుంచి పడిపోవడం, ఒకే మాత్రను రెండు పర్యాయాలు నోట వేసుకోబోవడం, కుర్చీలో కూర్చొని పొయ్యి వెలిగించి మరచిపోవడం. ఎరుక, జ్ఞాపకం, విచక్షణ లోపించి, ఎల్లవేళలా కనిపెట్టి ఉండవలసిన వారికి ఈ పథకంలో ‘రక్షణ పర్యవేక్షణ’ అనే ప్రత్యేక సేవ ఉంది. అడగనిదే ఇటువంటి సేవ ఉన్నదని చాలా కుటుంబాలకు తెలియదు.

మూడవది, అక్కయ్యను చూసే వైద్యురాలిని కలసి ఆ పుస్తకం చూపించాము. ఆమె నేను ఒకప్పుడు చేసినట్టు ఒక్క వాక్యంతో సరిపెట్టలేదు. జ్ఞాపకశక్తి, దిశాకాల జ్ఞానం, విచక్షణలలో ఏ లోపం ఎంత తీవ్రంగా ఉన్నదీ, దాని వలన ఎటువంటి ప్రమాదం పొంచి ఉన్నదీ విడివిడిగా వ్రాసింది.

విచారణ దినానికి ముందే కౌంటీ వారు మళ్ళీ అంచనా వేయడానికి ఒప్పుకున్నారు. ఈసారి అక్కయ్య మామూలు నేతచీరలోనే ఉంది. మామూలుగానే తికమకపడింది. ఆ అంచనా తరువాత గంటలు గరిష్ఠ పరిమితికి దగ్గరగా పెరిగాయి. ఆ పరిమితి నెలకు 283 గంటలు. ఒక మనిషి నెలలో ఉండే గంటలలో ఇది సగం కూడా కాదు. మిగిలినదంతా ఇప్పటికీ కూతురి ఉచిత సేవే. వేతనం తీసుకుంటే సేవ వ్యాపారమైపోతుందని భయపడే వారు ఈ లెక్కను గమనించాలి.

మొదటి చెల్లింపు వచ్చిన దినం మేనకోడలు తల్లితో ఆ సంగతి చెప్పింది. అక్కయ్య ఆ పూట తేటగా ఉంది. గంటకు ఎంత ఇస్తారని అడిగింది. చెబితే కొంచెంసేపు ఆలోచించి, “అంతేనా?” అంది.

ఆ సొమ్ముతో ఇంటి అద్దె గడిచింది. వారంలో రెండు పూటలు మరొకరిని పెట్టుకోవడానికి వీలయింది. ఆ రెండు పూటలు మా మేనకోడలు నిద్రపోయింది. నెల గడిచేసరికి, “మావయ్యా, కోపం తగ్గింది” అంది. అక్కయ్య మరి మూడేళ్ళు జీవించి, నర్సింగ్ హోము గడప తొక్కకుండా, కూతురి ఇంట్లో, తన మంచం మీదే కన్నుమూసింది.

తెలుసుకోవలసిన కొన్ని విషయాలు

ఈ సహాయానికి రోగి మెడికెయిడ్‌కు అర్హులై ఉండాలి. ఆదాయ, ఆస్తి పరిమితులు రాష్ట్రాన్ని బట్టి మారుతాయి. కాలిఫోర్నియాలో 2024, 2025 సంవత్సరాలలో వృద్ధులకు ఆస్తిపరిమితి లేదు. 2026 జనవరి నుంచి ఒక్కరికి 130,000 డాలర్ల పరిమితి మళ్ళీ వచ్చింది. స్వదేశంలో ఉన్న పొలాలు, ఇళ్ళు, బ్యాంకు నిల్వలు దాచి దరఖాస్తు చేయడం తప్పు. అర్హత కోసం ఆస్తులను హడావిడిగా పిల్లల పేర వ్రాయడం కూడా చిక్కులు తెస్తుంది. దీర్ఘకాలిక సంరక్షణ విషయంలో గడచిన ఐదేళ్ళ బదిలీలను పరిశీలించే నియమం చాలా రాష్ట్రాలలో ఉంది. 55 ఏళ్ళు దాటిన వారిపై పెట్టిన దీర్ఘకాలిక సంరక్షణ ఖర్చును వారి మరణానంతరం ఆస్తి నుంచి రాష్ట్రాలు రాబట్టుకోవాలని 1993 నాటి చట్టం చెబుతుంది. ఇల్లు ఉన్నవారు ముందే న్యాయవాదిని సంప్రదించడం మంచిది.

తల్లిదండ్రులను గ్రీన్ కార్డుపై తెచ్చుకున్న వారు మరొక విషయం గమనించాలి. 1996 చట్టం ప్రకారం గ్రీన్ కార్డు వచ్చిన తొలి ఐదేళ్ళు చాలామందికి కేంద్రనిధులతో నడిచే మెడికెయిడ్ లభించదు. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలు తమ సొంత నిధులతో ఆ లోటు పూరిస్తాయి. వారిని తెచ్చుకొనేటప్పుడు పిల్లలు సంతకం చేసిన పోషణ హామీపత్రం సంగతి కూడా మరువకూడదు.

సంరక్షకులు కొన్ని పనులు పూర్తిచేయాలి. పరిచయ శిక్షణకు హాజరు కావాలి. వేలిముద్రలు ఇచ్చి నేరచరిత్ర తనిఖీ చేయించుకోవాలి. నెలకు రెండు మారులు పనిగంటల పట్టిక సమర్పించాలి. చేయని గంటలు వ్రాయకూడదు. రోగి ఆసుపత్రిలో ఉన్న రోజులకు వేతనం కోరకూడదు. అది నేరమవుతుంది. రోగితో ఒకే ఇంట్లో నివసించే సంరక్షకుల వేతనానికి, 2014లో పన్నుల శాఖ ఇచ్చిన వివరణ ప్రకారం, సాధారణంగా కేంద్ర ఆదాయపు పన్ను ఉండదు. ఈ సంగతి తెలియక పన్ను కట్టినవారు ఎందరో ఉన్నారు.

ఆంధ్రదేశంలో ఉన్న పాఠకులు, మాకు ఇటువంటివి ఉన్నాయా అని అడుగవచ్చు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, అధిక సహాయం అవసరమైన వారికి సంరక్షకుల భృతిని పేర్కొంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి పూర్తిగా మంచానికే పరిమితమైన వారికి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. అది రోగి పేర వచ్చే సొమ్ము. కాని పని మానుకొని ఆ మంచం పక్కన కూర్చున్న కోడలికో కూతురికో అదే ఆధారం. అర్హత ఉన్నవారు వైద్యధ్రువపత్రంతో దరఖాస్తు చేసుకోవడానికి సిగ్గుపడనవసరం లేదు.

ఒక విన్నపం

నా తోటి వైద్యులకు ఒక మనవి. మీ బల్లపైకి వచ్చే ఆ పత్రం మందుచీటీ వంటిదే. వ్యాధి పేరు వ్రాస్తే చాలదు. రోగి ఏ పని చేసుకోలేరో, ఎందుకు చేసుకోలేరో, ఒంటరిగా విడిచిపెడితే ఏమి జరుగుతుందో వ్రాయండి. అందుకు పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలు ఒక కుటుంబానికి కొన్ని సంవత్సరాలు కలసి ఉండే అవకాశం ఇవ్వవచ్చు.

కుటుంబసభ్యులకు కూడా ఒక మాట. అధికారి వచ్చిన పూట మీ అమ్మగారి మంచి రోజును మాత్రమే చూపకండి. కష్టమైన రోజును కూడా ఉన్నదున్నట్టు చెప్పండి. ఎక్కువ చెప్పవద్దు, తక్కువ చెప్పవద్దు. రోగి ఎదుట చెప్పడం మనసుకు కష్టమైతే, ముందుగా వ్రాసి ఇవ్వండి.

ఆనాడు తల వంచుకొని వెళ్ళిపోయిన ఆ కుమార్తె ఇప్పుడు ఎక్కడున్నదో నాకు తెలియదు. ఆమె నా వద్దకు వచ్చింది తండ్రిని తన దగ్గరే ఉంచుకోవడం కోసం. నేను ఆమెకు ధర్మం బోధించాను. అప్పటికే ఆ ధర్మాన్ని రాత్రింబవళ్ళు ఆచరిస్తున్నది ఆమె, నేను కాదు. ఈ వ్యాసం ఆమె కంట పడితే నన్ను క్షమించమని కోరుతున్నాను.